కరీబియన్ క్రూయిజ్‌కి వెళ్తున్నారా? చెప్పులు, షూస్ ఇలా సర్దుకోండి

మా నాన్న కుడి షూ సోలు మెక్సికో దీవి కొజుమెల్ రేవులో ఊడొచ్చింది. షిప్ దిగి రెండు వందల గజాలు కూడా నడవలేదు. అవి అరిగిపోయిన షూస్ కావు, అసలు పెద్దగా వాడనే లేదు. ఐదేళ్ల క్రితం ఒక పెళ్లికి విజయవాడలో కొని, రెండుసార్లు వేసుకుని, అట్టపెట్టెలో భద్రంగా దాచుకున్నవి. "అమెరికా వెళ్తున్నాం కదా, మంచివి ఉండాలి" అని ప్రత్యేకంగా సూట్‌కేస్‌లో పెట్టుకుని తెచ్చుకున్నారు. ఆ రోజు మేం ఫెర్రీ ఎక్కి టులుమ్ వెళ్లాలి. మాయా శిథిలాలు చూడాలని అందరికంటే ఎక్కువ ఆశపడ్డది ఆయనే. చివరికి ఆయన, అమ్మ షిప్‌కి తిరిగి వెళ్లిపోయారు, మేం పిల్లలతో వెళ్లాం.

అప్పటి నుంచి మా ఇంట్లో క్రూయిజ్ అనగానే ముందు చెప్పుల సంగతి తేలాలి.

టెక్సస్‌లో ఉండే తెలుగువాళ్లకు క్రూయిజ్ అంటే ఎక్కువగా గాల్వెస్టన్ రేవే. హ్యూస్టన్ నుంచి కారులో గంట, డాలస్ నుంచి దాదాపు ఐదు గంటలు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడో, థాంక్స్‌గివింగ్‌కో, స్ప్రింగ్ బ్రేక్‌కో ఏడు రాత్రుల ట్రిప్ బుక్ చేసుకుంటాం. షిప్ ఆగేది మెక్సికోలో కొజుమెల్, కోస్టా మాయా, హోండురాస్ దీవి రోఆటాన్, కొన్నిసార్లు బెలీజ్ లేదా జమైకా. నేను ఈ దారిలో మూడుసార్లు వెళ్లాను కాబట్టి దీన్నే మనసులో పెట్టుకుని రాస్తున్నాను. మయామి నుంచి బహామాస్ వైపు వెళ్లేవాళ్లకూ చాలావరకు ఇదే పనికొస్తుంది.

బీరువా తెరవకముందు ఒక కాగితం తీసుకోండి

మనం ముందు బట్టలు సర్దుతాం. తర్వాత ఒక్కో డ్రెస్‌కి మ్యాచ్ అయ్యే చెప్పులు వెతుకుతాం. అలా మొదలుపెడితే మనిషికి ఆరేడు జతలు తేలతాయి, అయినా నిజంగా కావాల్సిన జత అందులో ఉండదు. అందుకని వరుస మార్చండి. కాగితం మీద రోజులు వేసుకుని, ఏ రోజు మీ కాళ్ల కింద ఏ నేల ఉంటుందో రాయండి. ఆ చిట్టా చూస్తే ఎన్ని జతలు కావాలో దానంతట అదే తెలుస్తుంది.

ఎక్కడెక్కడ ఎలా ఉంటుందో నాకు తెలిసినంతవరకు చెప్తాను.

కొజుమెల్‌లో ఊళ్లో కాసేపు తిరిగి రావడమే అయితే చదునైన ఫుట్‌పాత్, దానికి ఏదైనా సరిపోతుంది. కానీ అక్కడి ఒడ్డు చాలాచోట్ల ఇసుక కాదు, గరుకు సున్నపురాయి. దాన్ని ఐరన్‌షోర్ అంటారు, పేరుకు తగ్గట్టే అంచులు కోసుకుపోయేలా ఉంటాయి. టులుమ్ వెళ్లాలంటే దీవి నుంచి మెక్సికో ప్రధాన ఒడ్డుకు ఫెర్రీలో ముప్పావు గంట, అక్కడి నుంచి బస్సు, ఆ తర్వాత నీడ పెద్దగా లేని చోట రాతినేల మీద నడక. కోస్టా మాయాలో రేవు వంతెనే చాలా పొడుగు, షిప్ నుంచి గేటు దాకా ఎండలో నడవాలి. అక్కడి నుంచి చాచోబెన్ శిథిలాలకు బస్సులో సుమారు గంట పడుతుంది. అడవి మధ్యలో మట్టి దారులు, చెట్ల వేళ్లు, రాతి మెట్లు.

రోఆటాన్‌లో వెస్ట్ బే లాంటి బీచ్ అయితే మెత్తటి ఇసుక. మహోగనీ బే (కొత్త పేరు ఇస్లా ట్రోపికాలే) రేవులో షిప్ ఆగితే బీచ్‌కి తీసుకెళ్లే చైర్‌లిఫ్ట్ ఉంటుంది. కుర్చీలో కూర్చుంటే కాళ్లు గాల్లో వేలాడతాయి. వెనక పట్టీ లేని చెప్పులు వేసుకుంటే దారి పొడుగునా కాలివేళ్లు బిగబట్టుకుని కూర్చోవాలి. బెలీజ్‌లో పెద్ద షిప్పులు ఒడ్డుదాకా రావు, టెండర్ అనే చిన్న పడవలోకి మారి వెళ్లాలి. ఆ పడవ ఊగుతూ ఉంటుంది, ఎక్కే చోట తడిగా ఉంటుంది. అక్కడ చాలామంది తీసుకునే కేవ్ ట్యూబింగ్‌కి, అంటే గాలి ట్యూబులో కూర్చుని గుహలోని నది మీద తేలుతూ వెళ్లడానికి, అడవిలో నడిచి, నది దాటి, గుహ దాకా వెళ్లాలి. హవాయి చెప్పులతో వచ్చినవాళ్లను మొదట్లోనే ఆపి, అద్దె షూస్ తీసుకోమంటారు. జమైకాలో ఆగే షిప్ అయితే డన్స్ రివర్ జలపాతం ఉంటుంది. దాదాపు 600 అడుగుల పొడవున నీళ్లు జారే రాళ్ల మీద, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని పైకి ఎక్కుతారు. ఆ ఒక్క చోటు కోసమైనా సరైన వాటర్ షూస్ కావాలి.

మీ ఎక్స్‌కర్షన్ (పోర్టులో దిగి వెళ్లే టూర్) బుకింగ్ పేజీ కింద చిన్న అక్షరాల్లో ఏ పాదరక్షలు వేసుకోవాలో రాసి ఉంటుంది. జిప్‌లైన్‌కి, గుర్రపు స్వారీకి వేళ్లు కప్పే షూస్ కావాలంటారు. అది చదివి కాగితం మీద ఆ రోజు ఎదురుగా రాసుకోండి. ఈ పని చేయడానికి పదిహేను నిమిషాలు చాలు, మిగతా అంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

షిప్ కూడా ఒక నేలే

చాలామంది పోర్టుల గురించి ఆలోచిస్తారు, షిప్‌ని మర్చిపోతారు. ఏడు రోజుల్లో ఎక్కువ సమయం గడిచేది అక్కడే. గాల్వెస్టన్ నుంచి బయల్దేరే పెద్ద షిప్పుల్లో కొన్ని 1,100 అడుగుల పైచిలుకు పొడవుంటాయి. మీ క్యాబిన్ ముందువైపు, బఫే వెనకవైపు ఉంటే టిఫిన్‌కి వెళ్లి రావడమే ఒక నడక. లిఫ్టుల దగ్గర రద్దీ ఉంటుంది కాబట్టి మెట్లు కూడా ఎక్కుతారు.

లోపల కార్పెట్. స్విమ్మింగ్ పూల్ చుట్టూ తడి నేల, దాని మీద సన్‌స్క్రీన్ జిడ్డు. మధ్యాహ్నం ఎండలో పై డెక్ మీద ఉత్తకాళ్లతో నాలుగడుగులు వేయలేరు, అంతలా కాలుతుంది. ఇంకొకటి గడపలు. బయటి డెక్‌లోకి వెళ్లే తలుపుల దగ్గర, క్యాబిన్ బాత్రూమ్ దగ్గర, నీళ్లు లోపలికి రాకుండా ఎత్తు గడప ఉంటుంది. మన ఇళ్లలో గడప దాటే అలవాటు ఉన్నవాళ్లమే, కానీ అమెరికా ఇళ్లలో ఉండి ఆ అలవాటు పోయింది. వదులు చెప్పులు వేసుకుని, షిప్ కాస్త ఊగుతున్నప్పుడు ఆ గడప తగిలి పడబోయినవాళ్లను నేను చూశాను.

ఇక మన అలవాటు ఇంకొకటి. చెప్పులు గుమ్మం బయట వదలడం. షిప్‌లో కారిడార్లు ఇరుకు, ఏదైనా జరిగితే జనం పరుగెత్తాల్సిన దారి అది. చెప్పులు క్యాబిన్ లోపలే, తలుపు పక్కన గోడవారగా పెట్టుకోండి. వాడనివి మంచం కిందికి తోసేయండి, సూట్‌కేసులు కూడా అక్కడే పడతాయి.

మనిషికి మూడు జతలు

నా లెక్క ఇది: నడకకు ఒకటి, నీళ్లకు ఒకటి, సాయంత్రానికి ఒకటి. వీటిలో ఒకటి మీ కాళ్లకు ఉంటుంది కాబట్టి సూట్‌కేస్‌లో పడేవి రెండే. నాలుగో జత కావాలనిపిస్తే, కాగితం చూసి ఏ రోజు కోసమో చెప్పగలిగితేనే పెట్టుకోండి.

మొదట నడక జత, ఎందుకంటే ఎక్కువ డబ్బు, ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది దీని మీదే. మీరు రోజూ పార్కులో వేసుకునే వాకింగ్ షూస్ మంచివైతే ఇంక వెతకక్కర్లేదు, అవే మీ క్రూయిజ్ షూస్. కొత్తవి కొనాలంటే సాయంత్రం పూట షాపుకి వెళ్లండి. పొద్దున్నతో పోలిస్తే సాయంత్రానికి పాదం కొంచెం ఉబ్బుతుంది. క్రూయిజ్‌లో వేడి, నడక, బఫేలో ఉప్పు ఎక్కువగా ఉన్న తిండి కలిసి ఇంకా ఉబ్బుతుంది. బొటనవేలి ముందు ఒక వేలు వెడల్పు ఖాళీ ఉండాలి. షూని రెండు చేతులతో పట్టుకుని వంచి చూడండి, పాదం వంగే ముందు భాగం దగ్గర వంగాలి. సరిగ్గా మధ్యలో మడత పడితే అది అరికాలికి ఆసరా ఇవ్వదు. పైభాగం జాలీలాంటి గుడ్డ అయితే గాలి ఆడుతుంది, తడిస్తే తొందరగా ఆరుతుంది. తోలు షూస్ ఆ ఉక్కలో కాళ్లను ఉడికిస్తాయి.

షూస్ అంటే పడనివాళ్లు మడమ వెనక పట్టీ ఉన్న స్పోర్ట్స్ శాండిల్స్ తీసుకోవచ్చు. నేను రెండో ట్రిప్ నుంచి అవే వాడుతున్నాను. మూడు చోట్ల బిగించుకునే పట్టీలు, మందం సోలు, నీళ్లలో దిగినా పాడవ్వవు. బెలీజ్ నదిలో, కొజుమెల్ రోడ్ల మీద, షిప్ డెక్ మీద అన్నిచోట్లా పనికొచ్చాయి. అలాంటివి ఉంటే నడక, నీళ్లు రెండూ ఒకే జతతో అయిపోతాయి. ఒక్క సమస్య ఏంటంటే పాదం మీద పట్టీల మధ్య ఎండ తగిలి చారలు పడతాయి. ముఖానికి, చేతులకు రాసుకున్నట్టే పాదాల మీద కూడా సన్‌స్క్రీన్ రాయండి. మనకు రంగు మారుతుందే తప్ప కాలదనుకోవడం పొరపాటు. మా తమ్ముడి పాదాలు రెండు రోజులు మంటెత్తాయి.

నీళ్ల జత

ఇది రెండు రకాలు. ఒకటి సాక్స్‌లా పల్చగా ఉండేది, కింద సన్నటి రబ్బరు పొర. ఇంకొకటి అడుగున నిజమైన సోలు, పక్కల నీళ్లు బయటికి పోయే రంధ్రాలు ఉన్నది. ఇసుక బీచ్‌కి పల్చనిది చాలు. జలపాతం రాళ్లకు, నదికి, ఐరన్‌షోర్‌కి రెండోదే కావాలి. రెండూ పెద్ద ఖరీదు కాదు, వాల్‌మార్ట్‌లోనో, ఎండాకాలం సీజన్‌లో కాస్ట్‌కోలోనో దొరుకుతాయి. ఇండియా నుంచి వచ్చేవాళ్లు డెకాథ్లాన్‌లో కొనుక్కుని రావచ్చు. కాలికి బిగుతుగా ఉండాలి, ఎందుకంటే నీళ్లలో తడిస్తే వదులవుతాయి. షాపులోనే వదులుగా ఉన్నాయంటే నదిలో ఒకటి కొట్టుకుపోయినట్టే.

రాళ్ల మధ్య సీ అర్చిన్లు ఉంటాయి, నల్లటి ముళ్లబంతిలా ఉండే ప్రాణులు. పల్చటి సోలును ఆ ముళ్లు దాటుకుని వస్తాయి. కాబట్టి షూస్ ఉన్నాయి కదా అని కనిపించని రాయి మీద కాలు వేయకండి. కోరల్ మీద అసలే నిలబడకండి. కొజుమెల్, రోఆటాన్ చుట్టూ ఉన్న పగడపు దిబ్బ బతికి ఉన్నది, ఒక్క తొక్కుడుకి ఏళ్ల తరబడి పెరిగింది విరిగిపోతుంది. గొట్టంతో ఊపిరి పీలుస్తూ ఈదే స్నార్కెలింగ్‌కి టూర్ వాళ్లే ఫిన్స్, అంటే పాదాలకు తొడిగే ఈత రెక్కలు, ఇస్తారు. కాలు మొత్తం దూర్చే రకం ఫిన్స్ అయితే మందం వాటర్ షూస్ వాటిలో పట్టవు. పల్చటి నీళ్ల సాక్స్ పడతాయి, లేదా ఉత్తకాళ్లతో వేసుకోవచ్చు.

క్రాక్స్ గురించి చాలామంది అడుగుతారు. నిజానికి అవి పడవల కోసమే మొదలయ్యాయి, ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్ బోట్ షోలోనే మొదట బయటికొచ్చాయి. పూల్ దగ్గరికి, బీచ్‌కి, పిల్లలకి చాలా బాగుంటాయి. వెనక పట్టీ మడమ మీదికి వేసుకోవాలి. జలపాతం రాళ్లకు మాత్రం వద్దు, లోపల నీళ్లు నిండితే పాదం జారుతుంది. ఇంకో విషయం, ఆ ఫోమ్ ఎక్కువ వేడికి కుంచించుకుపోతుంది. టెక్సస్ ఎండలో కారు డిక్కీలో రోజంతా వదిలేస్తే ఒక సైజు తగ్గినట్టు అయిపోతాయి.

హవాయి చెప్పులు ఒక జత ఎలాగూ పెట్టుకుంటాం, క్యాబిన్‌లోకి, పూల్ దాకా వెళ్లడానికి. బరువుండవు, మూడు జతల లెక్కలోకి రావు, పెట్టుకోండి. కానీ అరిగిన హవాయి చెప్పులు తడి నేల మీద సబ్బుముక్కలా జారతాయి. అడుగున గీతలు చెరిగిపోయి ఉంటే అవి ఇంట్లోనే వదిలేయండి.

సోలు గీతల సంగతి వచ్చింది కాబట్టి చెప్తాను. 1935లో పాల్ స్పెర్రీ అనే పడవ ప్రియుడు తన కుక్క మంచు మీద జారకుండా పరుగెత్తడం చూసి, దాని పాదం అడుగున ఉన్న చీలికలు గమనించాడు. రబ్బరు సోలు మీద అలాంటి సన్నటి గాట్లు పెట్టి పడవ షూస్ చేశాడు. ఆ గాట్లు నేల మీది నీటిని పక్కకు తోసి రబ్బరును నేలకు అంటిస్తాయి. మీరు ఏ చెప్పులు కొన్నా తిరగేసి అడుగు చూడండి. గోరుతో నొక్కితే కొంచెం లోపలికి పోయే మెత్తటి రబ్బరు, దాని మీద దగ్గరదగ్గరగా సన్నటి గాట్లు ఉంటే తడి డెక్ మీద పట్టు ఉంటుంది. నున్నటి గట్టి ప్లాస్టిక్ అయితే తిరిగి అరలో పెట్టేయండి.

సాయంత్రం జత

ఏడు రాత్రుల్లో సాధారణంగా రెండు రాత్రులు ఫార్మల్ నైట్ ఉంటుంది. ఆ రాత్రుల్లో పెద్ద డైనింగ్ రూమ్‌లోకి బీచ్ చెప్పులతో వెళ్తే బాగుండదు, చాలా కంపెనీలు వద్దని రాసి పెడతాయి కూడా. మనవాళ్లు చాలామంది ఆ రోజు పట్టుచీరలు, కుర్తాలు వేసుకుంటారు. ఫోటోలు దిగేది కూడా అప్పుడే. వేసుకోండి, ఎంతో అందంగా ఉంటుంది.

చీర కట్టుకునేవాళ్లు ముందే తేల్చుకోవాల్సిన విషయం హీల్ ఎత్తు. కుచ్చిళ్లు ఏ చెప్పులతో కట్టుకుంటే ఆ ఎత్తుకే నేలను తాకుతాయి. హీల్స్ వేసుకుని కట్టుకుని, మధ్యలో నొప్పి పుట్టి ఫ్లాట్స్‌కి మారితే అంచు కాళ్ల కింద పడుతుంది. ఊగే షిప్‌లో, మెట్ల మీద అది ప్రమాదం. అందుకని సూది హీల్స్ వదిలేసి, ఒకటిన్నర రెండు అంగుళాల వెడల్పు హీల్, చీలమండ దగ్గర పట్టీ ఉన్నవి తీసుకోండి. బంగారు రంగు లేదా రాగి రంగు జత ఒకటి ఉంటే పట్టుచీరకు, చుడీదార్‌కు, గౌనుకు అన్నిటికీ సరిపోతుంది. నేను ఆ ఒక్క జతతోనే మూడు ట్రిప్పులు చేశాను.

మగవాళ్లకు సాయంత్రం జత సులువు. నల్లవో గోధుమ రంగువో లోఫర్లు, అడుగున రబ్బరు ఉన్నవి. కొల్హాపురీలు కుర్తా మీదికి బాగుంటాయి కానీ వాటి తోలు అడుగు కార్పెట్ బయట జారుతుంది, ఉప్పునీళ్లు తగిలితే గట్టిపడి వంకరపోతుంది. డైనింగ్ రూమ్‌కే వాడి, డెక్ మీదికి వేసుకెళ్లకండి.

అమ్మానాన్నల కాళ్లు

ఈ భాగం దయచేసి తొందరపడకుండా చదవండి.

షుగర్ ఉన్న పెద్దవాళ్లు చాలామందికి అరికాళ్లలో స్పర్శ తగ్గి ఉంటుంది. వాళ్లకు ఆ సంగతి తెలియకపోవచ్చు కూడా. కాలే ఇసుక మీద మనం గంతులేస్తాం, వాళ్లు నడుచుకుంటూ వెళ్లిపోతారు. సాయంత్రానికి బొబ్బలు కనిపిస్తాయి. షుగర్ ఉన్నవాళ్లకు చిన్న పుండు మానడానికి వారాలు పట్టవచ్చు. అందుకని బీచ్‌లో, పూల్ దగ్గర, క్యాబిన్‌లో, ఎక్కడా ఉత్తకాళ్లతో నడవనివ్వకండి. "ఇసుక మీద ఉత్తకాళ్లతో నడిస్తే మంచిది" అని ఎవరైనా అంటే వాళ్లకు కాదని చెప్పండి.

ఇండియాలో డాక్టర్లు రాసే ఎంసీఆర్ (మైక్రో సెల్యులర్ రబ్బరు) చెప్పులు మెత్తగా ఉంటాయి, వాటికి అలవాటుపడ్డవాళ్లు ఎన్నో ఏళ్లుగా అవే వాడుతుంటారు. బయల్దేరేముందే వెనక పట్టీ ఉన్న రకం కొనుక్కుని రమ్మనండి. షిప్‌లోపల, ఊళ్లో కొద్దిపాటి నడకకు అవి చాలు. బీచ్‌కి మాత్రం వేళ్లు పూర్తిగా కప్పే వాటర్ షూస్ కావాలి. లోపల కుట్లు, ముడులు వేళ్లకు తగులుతున్నాయేమో మీ చెయ్యి పెట్టి తడిమి చూడండి. వాళ్లకు తెలియకపోయినా మీ వేలికి తెలుస్తుంది. వేసుకునే ప్రతిసారీ దులిపి వేసుకోవాలి, చిన్న గవ్వముక్క ఉన్నా చాలు పుండు పడటానికి.

రోజూ రాత్రి పడుకోబోయే ముందు వాళ్ల అరికాళ్లు చూడండి. వంగి చూసుకోలేకపోతే ఫోన్‌తో ఫోటో తీసి చూపించండి. అమ్మ మొదట మొహమాటపడింది. "నా కాళ్లు నువ్వు చూడటమేంటే" అంది. రెండో రోజు నుంచి తానే మంచం మీద కాళ్లు చాపి పిలిచేది. ఎర్రబడిన మచ్చ కనిపిస్తే మర్నాడు ఆ చెప్పులు మార్చండి, తోలు ఊడినా పుండు కనిపించినా షిప్‌లోనే ఉన్న మెడికల్ సెంటర్‌లో చూపించండి.

మెల్లగా నడిచే పెద్దవాళ్లకు లేసులు వంగి కట్టుకోవడం కూడా కష్టమే. వెల్‌క్రో పట్టీ ఉన్న షూస్ తీసుకుంటే టెండర్ క్యూలో వాళ్లు టెన్షన్ పడరు.

పిల్లలకు మరీ ఆలోచించకండి. పట్టీ ఉన్న క్రాక్స్ ఒక జత, స్నీకర్స్ ఒక జత. స్పోర్ట్స్ కోర్ట్‌లో ఆడాలంటే వేళ్లు కప్పే షూస్ ఉండాలంటారు. ఐస్ స్కేటింగ్ ఉన్న షిప్ అయితే సాక్స్ తప్పనిసరి. వేడి ఊళ్లకు వెళ్తున్నాం కదా అని సాక్స్ పెట్టుకోక, షిప్ షాపులో కొనాల్సి వచ్చింది మాకు. జమైకాలో ఆగే షిప్ అయితే మిలిటరీ ప్రింట్ షూస్, బట్టలు వద్దు. అక్కడ సైన్యంలో లేనివాళ్లు ఆ ప్రింట్ వేసుకోవడం చట్టవిరుద్ధం, పిల్లలవైనా ఇంట్లో వదిలేయడమే మేలు.

రెండు వారాల ముందే పరీక్ష పెట్టండి

ఇప్పుడు నాన్న షూ సంగతి. చాలా షూస్ సోళ్లు పాలీయురేథేన్ అనే పదార్థంతో చేస్తారు. అది గాల్లోని తేమను పీల్చుకుని లోలోపల విరిగిపోతుంది. రోజూ వేసుకుంటుంటే ఆ తేమ కొంత బయటికి పోతూ ఉంటుంది. డబ్బాలో పెట్టి, బీరువాలో ఏళ్లు దాచితే, ముఖ్యంగా మన కోస్తా ఉక్కపోతలో, చూడటానికి కొత్తగానే ఉంటుంది కానీ లోపల పొడిబారుతుంది. కాలు పెట్టి ఓ అరగంట నడిచేసరికి పెచ్చులుగా రాలిపోతుంది. అంటే ఎంత భద్రంగా దాచితే అంత ప్రమాదం. ఇండియా నుంచి తెచ్చుకున్న ప్రతి షూనీ సోలు పక్కన వేలితో గట్టిగా నొక్కి చూడండి. గీతలు కనిపించినా, జిగటగా ఉన్నా, పొడి రాలినా తీసుకెళ్లకండి. అనుమానంగా ఉంటే ఒక గంట బయట నడిపించండి.

కొత్తవి అయితే పరీక్ష వేరు. కొత్త చెప్పులు కరుస్తాయని మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు, అయినా ప్రయాణం ముందురోజే కొంటాం. కనీసం రెండు వారాల ముందు కొని, మొదట ఇంట్లో, తర్వాత కిరాణా షాపుకి, తర్వాత మూడు నాలుగు మైళ్ల నడకకు వేసుకోండి. వాటర్ షూస్‌ని బాత్‌టబ్‌లో తడిపి, తడి కాళ్లతోనే పది నిమిషాలు నడవండి. పొడిగా ఉన్నప్పుడు కరవనివి తడిస్తే కరుస్తాయి. తడి టైల్ మీద, గోడ పట్టుకుని, నెమ్మదిగా పాదం జారుతుందేమో చూడండి. రెండు వారాల్లో కరవడం ఆగని జత క్రూయిజ్‌లో మంచిగా మారదు. వెనక్కి ఇచ్చేయండి.

సర్దేటప్పుడు

షిప్ ఎక్కేముందు పెద్ద సూట్‌కేసులు పోర్టర్లకు ఇచ్చేస్తాం. అవి క్యాబిన్‌కి వచ్చేసరికి సాయంత్రం అవుతుంది. మనం మాత్రం మధ్యాహ్నానికే లోపల ఉంటాం, పిల్లలు పూల్ చూసి ఆగరు. అందుకని అందరి నీళ్ల చెప్పులు, స్విమ్మింగ్ బట్టలు చేతి సంచిలోనే ఉండాలి. కాళ్లకు అన్నిటికంటే బరువైన జత, అంటే వాకింగ్ షూస్. డిసెంబర్, జనవరిలో గాల్వెస్టన్‌లో పొద్దున చలిగా ఉంటుంది కాబట్టి మూసిన షూస్ అప్పుడు ఎలాగూ హాయిగా ఉంటాయి.

షూ లోపలి ఖాళీని వృథా చేయకండి, సాక్స్, చార్జర్లు అందులో పడతాయి. సోళ్లకు ఒక్కో షవర్ క్యాప్ తొడిగితే బట్టలకు మట్టి అంటదు. తడిసినవి పెట్టుకోవడానికి రెండు పెద్ద జిప్ సంచులు, బొబ్బలకు బ్యాండ్ ఎయిడ్లు, మడమకు రాసుకోవడానికి చిన్న వాసెలిన్ డబ్బా. ఇంక చాలు.

షిప్‌లో రోజూ

బీచ్ నుంచి రాగానే చెప్పులు, షూస్ మంచినీళ్లతో కడగండి. ఉప్పు ఎండిపోతే పట్టీలు గట్టిపడి మర్నాడు చర్మాన్ని గీస్తాయి. లోపల పేపర్ ఉండలు కుక్కి బాత్రూమ్‌లో ఆరేయండి. బాల్కనీ రెయిలింగ్ మీద మాత్రం ఆరేయకండి. షిప్ కదిలితే వచ్చే గాలికి ఎగిరిపోతాయి, సముద్రంలో చెత్త పడేసినట్టు అవుతుంది. హెయిర్ డ్రయ్యర్ వేడి గాలి పెడితే సోలు జిగురు వదులుతుంది, చల్లగాలే పెట్టండి. వాకింగ్ షూస్‌కి మధ్యలో వచ్చే సముద్రపు రోజుల్లో విశ్రాంతి ఇవ్వండి, పూర్తిగా ఆరతాయి.

శిథిలాల దారుల్లో, నది ఒడ్డున సోళ్ల గాట్లలోకి మట్టి పోతుంది. బయటి దేశపు మట్టిని అమెరికాలోకి రానివ్వరు, అంటుకుని ఉంటే కస్టమ్స్ దగ్గర చెప్పాలి, ఆపి కడిగించవచ్చు. చివరి పోర్టు నుంచి రాగానే పాత టూత్‌బ్రష్‌తో ఆ గాట్లు రుద్ది కడిగేసుకోండి.

చివరి రాత్రి సూట్‌కేసులు తలుపు బయట పెట్టమంటారు, సాధారణంగా పదకొండు లోపల. ఆ హడావిడిలో చెప్పులన్నీ లోపల సర్దేసి జిప్ వేసేస్తాం. మర్నాడు పొద్దున లేచి చూస్తే కాళ్లకు ఏమీ ఉండవు. మా పక్క క్యాబిన్ వాళ్లమ్మాయి గాల్వెస్టన్ టెర్మినల్‌లో వట్టి సాక్స్‌తో దిగింది. సూట్‌కేస్ మూసేముందు ప్రతి ఒక్కరి వాకింగ్ షూస్, వాటిలో ఒక జత సాక్స్, తలుపు పక్కన వరసగా పెట్టండి. జతలు లెక్కపెట్టాకే సూట్‌కేస్ బయటికి నెట్టండి.